కొత్తరేవు మున్సిపాలిటీ మెట్లు దిగిన కథ

మా మున్సిపల్ ఆఫీసుకి మేడ లేదు. మెట్లు మాత్రం ఉన్నాయి. కొత్తరేవు చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు వాటి గురించే అడుగుతారు, ఇవి ఎక్కడికి వెళతాయండీ అని. ఎక్కడికీ వెళ్ళవు. అవి ఎక్కడానికి కట్టినవి కావు, దిగడానికి కట్టినవి. సీనియర్ అసిస్టెంటుగా ఈ ఆఫీసులో జుట్టు నెరిసిన నాకే ఈ ముక్క బుర్రకెక్కడానికి కొంతకాలం పట్టింది. కాబట్టి మీరు కంగారు పడకండి, మొదట్నించీ చెబుతాను.

మొదలు ఒక సినిమాలో ఉంది. దాని పేరు ‘మెరుపు చెల్లెళ్ళు’. మా పెళ్ళిళ్ళ నాటి సినిమా. ముగ్గురు అక్కచెల్లెళ్ళు రేవులో ఎండుచేపలు అమ్ముతూ పాడుతుంటే ఒక పెద్దమనిషి కారాపి వింటాడు. తర్వాతి సీనుకల్లా ముగ్గురి నెత్తిన ధాన్యపు గాదెలంత విగ్గులు, మెడ నుంచి మడమ దాకా చమ్కీ, చుట్టూ మేళం, దేశమంతా చప్పట్లు. అక్కణ్ణుంచి రెండున్నర గంటలపాటు ముగ్గురూ మెట్లు దిగుతూనే ఉంటారు. పాటకి దిగుతారు. ఫోను మోగితే దిగుతారు. అమ్మ పోయిందని కబురొస్తే జుట్టు గాలికి ఎగరేసుకుంటూ దిగుతారు. దాహమేసినా అదే మెట్లు, అదే గాలి. నడిపి చెల్లెలు మోహినికి క్షయ. రుమాల్లో నెత్తురు చూసుకుని, రుమాలు మడిచి, తారస్థాయిలో రాగం అందుకుంటుంది. పక్కనే డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ కోరస్ పాడతాడు.

ఇదంతా నవ్వించాలని తీసింది కాదు. ప్రాణం పెట్టి తీశారు, అందుకే అంత బావుంటుంది. అప్పట్లో మూడో రోజుకే రీళ్ళ డబ్బాలు వెనక్కి వెళ్ళిపోయాయి. తీసినాయన ఏమయ్యాడో ఎవరికీ తెలీదు.

ఒక ప్రింటు మాత్రం మా ఊరి పద్మలోచన టాకీసులో ఉండిపోయింది. దాని ఓనరు వరూధిని గారు కొత్త సినిమా దొరకని ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని వేశారు. వచ్చిన నలుగురూ నవ్వీ నవ్వీ ఏడ్చారు, మరుసటివారం నలభై మందిని తీసుకొచ్చారు. ఆ తర్వాత ఊరికి అదొక వ్రతమైపోయింది. ఆడా మగా చమ్కీ కట్టుకునే వస్తారు. డాక్టరు ‘ఇక ఆశ లేదు’ అనగానే హాలంతా ‘ఫీజు తీసుకున్నావుగా’ అంటుంది. మోహిని దగ్గితే హాలంతా దగ్గుతుంది. పెద్దక్క షాండ్లియరు పట్టుకుని ఊగితే బాల్కనీ నుంచి మల్లెపూలు రాలతాయి. నేనూ వెళ్ళేవాణ్ణి. చమ్కీ కట్టేవాణ్ణి కాదుగానీ, దగ్గేవాణ్ణి.

ఆ శనివారాల ప్రాణం జిలానీ. ఆయన మార్కెట్ వీధిలో జాకెట్లు కుట్టే టైలరు. యాభై దాటినవాడు, ఒంటరివాడు, మాట్లాడితే పక్కవాడికి వినపడదు. శనివారం మాత్రం ఆయన మోహిని. తానే కుట్టుకున్న వంకాయరంగు చమ్కీ గౌను, తానే అల్లుకున్న విగ్గు వేసుకుని, తెరమీద మోహిని దిగుతుంటే ఈయన బాల్కనీ మెట్లు దిగేవాడు. అడుగుకి అడుగు, చూపుకి చూపు. హాలు వెక్కిరించేది, ఈలలేసేది. కానీ ఇంట్లోవాళ్ళు వెక్కిరించినట్టుండేది, బయటివాళ్ళ వెక్కిరింత కాదు. ఒకసారి నా లాల్చీకి కాజాలు తీస్తూ ఆయనే చెప్పాడు.

“సోమయాజులు గారూ, వారమంతా ఊరి కొలతలకి కుడతానండి. శనివారం ఒక్కటీ నా కొలతండి.”

ఇదీ సినిమా సంగతి. ఇప్పుడు మా కమిషనరు వాచస్పతి గారి దగ్గరికి వద్దాం.

ఒక శనివారం ఆయన జీపు పద్మలోచన ముందు జనంలో ఇరుక్కుపోయింది. పక్కన నేనున్నాను. ఇన్సూరెన్సు ఏజెంటు ఒకాయన వెండిరంగు గౌనులో జీపు ముందునుంచి వెళుతూ మాకు నమస్కారం పెట్టాడు.

“ఏమిటయ్యా ఈ జనం?” అన్నారు కమిషనరు గారు.

“సినిమాకండి. పాత సినిమా.”

“టికెట్టు కొనుక్కుని వస్తున్నారా?”

“గౌన్లు కూడా కుట్టించుకుని వస్తున్నారండి.”

కమిషనరు గారు గొంతు సవరించుకుని, “మనం ప్రతి సోమవారం ఫిర్యాదుల దినం పెట్టి ఉచితంగా రమ్మంటున్నాం. తిట్టుకుంటూ వస్తారు, తిట్టి వెళతారు. అక్కడ డబ్బిచ్చి, ఈలలేసి మరీ వెళుతున్నారు. ఇందులో ఏదో పరిపాలనా రహస్యం ఇమిడి ఉన్నది. దాన్ని ఛేదించాలి,” అన్నారు.

ఆయనకి ఏదైనా ఛేదించాలనిపిస్తే కమిటీ వేస్తారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు దండపాణి, హెల్త్ ఆఫీసరు డాక్టర్ హైమవతి ఆ కమిటీ సభ్యులు. ఇద్దరూ మరుసటి శనివారం మూడోవరుసలో కూర్చుని, టార్చిలైటు వేసుకుని నోట్సు రాసుకుంటూ సినిమా చూశారు. చుట్టూ హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే ఆ ఇద్దరి మొహాల్లో మాత్రం వెంట్రుకవాసి కదలిక లేదు. నేను వెనకనుంచి తెరని వదిలేసి వాళ్ళనే చూశాను.

నివేదిక వచ్చింది. హైమవతి గారు మోహిని బహిరంగ ప్రదేశంలో దగ్గడం, ఆ కేసు ఆరోగ్యశాఖ దృష్టికి రాకపోవడం మీద తీవ్ర విచారం వెలిబుచ్చారు. దండపాణి గారు అసలు విషయానికి వచ్చారు. ‘కళాకారిణులు సమతల భూమిపై నిలిచినపుడు ప్రజాస్పందన శూన్యము. మెట్లు దిగునపుడు మాత్రమే ఈలలు సంభవించుచున్నవి. కావున ప్రజాకర్షణకు మూలకారణము సంగీతము కాదు, సౌందర్యము కాదు, మెట్లు.’

కమిషనరు గారు ఆ వాక్యం కింద ఎర్రగీత గీశారు. ఆ వారంలోనే ఉత్తర్వు వెలువడింది. దాని పేరు ప్రజాసంబంధ అవరోహణ పథకం. మొదటి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: ‘ఇకమీదట ఏ అధికారియు ప్రజలను సమతల భూమిపై కలువరాదు.’

మా ఆఫీసు బ్రిటిషువాళ్ళ కాలం నాటి పెంకుటిల్లు. కాబట్టి ముందు మెట్లు కట్టారు. పెద్దహాలు మధ్యలో మొదలై దూలం దాకా వెళ్ళాయి. కమిషనరు గారి తల పట్టాలి గనక దూలం పక్కన పెంకులు తీసేశారు. ఎండొస్తే అక్కణ్ణుంచి ఎండ పడుతుంది, వానొస్తే వాన. పైకి వెళ్ళడానికి వెనకవైపు వెదురు నిచ్చెన ఉంది. కమిషనరు గారు పంచె ఎగ్గట్టి అది ఎక్కి, పైన పెంకుల సందులో కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకుని, ముందువైపు మెట్ల మీదుగా హుందాగా దిగాలి.

“మెట్లు నేరుగా ఎక్కి మళ్ళీ దిగొచ్చు కదండీ?” అని నేనడిగాను.

“ఎక్కుట ప్రజలు చూడరాదు సోమయాజులూ. చూచినచో దిగుటకు విలువ ఏముంటుంది?” అన్నారాయన.

నేను వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాను.

పథకం అక్కడితో ఆగలేదు. సినిమాలో ముగ్గురున్నారు కాబట్టి ముగ్గురు దిగాలి. కమిషనరు గారు మధ్యన, దండపాణి కుడిపక్క, హైమవతి గారు ఎడమపక్క. చమ్కీ శాలువలు వచ్చాయి. మా కమిషనరు గారికి జుట్టు లేదు, గాలికి ఎగరాల్సిన నిబంధన ఉంది. అందుకని పట్నం నుంచి ముగ్గురికీ ఒకే రకం విగ్గులు తెప్పించారు. గాలికి పంపుహౌసు నుంచి పెద్ద ఫ్యాను తెచ్చారు, పంపుహౌసు మోటారు దానివల్ల వేడెక్కి రోజుకి ఒక పూటే పనిచెయ్యడం మొదలెట్టింది, రెండో పూట నీళ్ళు గొట్టాల్లో నిలవుండిపోయేవి. దోమలమందు కొట్టే మనిషి ఆ మిషనుతోనే పొగ వదిలేవాడు.

మధ్యలో ఒక చిక్కొచ్చింది. కమిషనరు గారు క్యాంపుకి వెళ్ళిన రోజున దండపాణి మెట్లు దిగకుండానే రెండు కాగితాలమీద సంతకం పెట్టేశాడు. కమిషనరు గారికి అది కుర్చీకిందికి నీళ్ళు వచ్చినట్టనిపించింది. వెంటనే ఒక సవరణ జారీ చేశారు: ‘సోమవారమునాడు మధ్యస్థానమున అవరోహణము గావించిన వ్యక్తియే ఆ దినమునకు అధికారిగా పరిగణింపబడును. సదరు వ్యక్తి సంతకమే చెల్లును.’ ఆ సవరణ టైపు చేసింది నేనే.

ఇక సోమవారం తీరు చెబుతాను. మేళం మోగుతుంది. పొగ లేస్తుంది. ముగ్గురూ దిగుతారు, నడిమెట్టు మీద ఆగి మెడలు ఎడమకి తిప్పుతారు, మళ్ళీ దిగుతారు. ఆఖరి మెట్టు మీదికి వచ్చి, దూరంగా శూన్యంలోకి చూస్తారు. అంతే. సినిమాలో ఆఖరి మెట్టు మీద కాలు పెట్టగానే సీను మారిపోతుంది, కాబట్టి ఆ తర్వాత ఏం చెయ్యాలో కమిటీ నివేదికలో లేదు. నివేదికలో లేనిది పథకంలో లేదు. మళ్ళీ పొగ లేస్తుంది, దాని చాటున వెనక్కి తిరిగి ఎక్కేస్తారు.

మత్స్యకారుల పేట నుంచి ముత్యాలమ్మ అనే ముసలమ్మ ప్రతి సోమవారం వచ్చేది. చేతిలో సీసా, సీసాలో వాళ్ళ కుళాయి నీళ్ళు, నీళ్ళలో ఎర్రటి పురుగులు. అధికార్లు ఆఖరి మెట్టు మీద నిలబడగానే ఆవిడ సీసా పైకెత్తేది. వాళ్ళు శూన్యంలోకి చూస్తూ ఉండేవారు. ఆవిడ సీసా దించుకుని వెళ్ళిపోయేది.

ఇంతవరకూ ఊరికి ఇది మామూలు బాధే, ఆఫీసంటే అలవాటైన బాధ. నాకు నిజంగా ఒళ్ళు మండింది ఆ తర్వాత జరిగినదానికి.

అవరోహణ ప్రభుత్వ కార్యం అయ్యాక అనుమతి లేకుండా ప్రైవేటు వ్యక్తులు అవరోహించడం ఏమిటని దండపాణికి అనుమానం వచ్చింది. పద్మలోచన టాకీసుకి నోటీసు వెళ్ళింది. శనివారం ఆట వెయ్యాలంటే అక్కడ దిగే వ్యక్తి మున్సిపాలిటీ ముందు దిగి, ప్రామాణిక అవరోహణ పత్రం పొందాలి.

జిలానీ వచ్చాడు. వరూధిని గారు తోడొచ్చారు. వంకాయరంగు గౌను సంచిలో తెచ్చుకుని, రికార్డు రూములో కట్టుకుని, నిచ్చెన ఎక్కి, మా మెట్ల మీద నుంచి దిగాడు. మేళం లేదు, పొగ లేదు, వేళ మిట్టమధ్యాహ్నం. అయినా నేను ఫైలు మూసేశాను. ఆ మెట్లు కట్టాక మొదటిసారి వాటికి ఒక అర్థం వచ్చినట్టనిపించింది.

దండపాణి చేతిలో కోణమానిని ఉంది. “నడుము కదలిక పరిమితికి మించి ఉన్నది,” అన్నాడు.

హైమవతి గారు, “దగ్గులో నిజాయితీ లేదు,” అని రాసుకున్నారు.

కమిషనరు గారు జాలిగా నవ్వి, “జిలానీ, నీలో ఉత్సాహమున్నది, క్రమశిక్షణ లేదు. అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు పెద్దలు. చూడు,” అని తామే నిచ్చెనెక్కి, విగ్గు సర్దుకుని, దిగి చూపించారు.

జిలానీ శ్రద్ధగా చూశాడు. చూసి మెల్లగా అన్నాడు.

“తమరు మెట్లు దిగుతున్నారండి. మోహిని దిగదండి, వస్తుందండి.”

“వచ్చుట అనగా? ఎక్కడికి?”

“మన దగ్గరికండి.”

“అట్టి అంశము నివేదికలో లేదు,” అన్నారు కమిషనరు గారు. పత్రం ఇవ్వలేదు. టాకీసుకి సీలు వెయ్యమన్నారు. ఆ సీలు వేసింది నేనే. లక్క కరుగుతుంటే వరూధిని గారు పక్కన నిలబడి, “చెయ్యి కాలుతుందండి సోమయాజులు గారూ, జాగ్రత్త,” అన్నారు. తిట్టినా బావుండేది.

ఆ తర్వాత శనివారాలు వచ్చి పోయాయి. జిలానీ కొట్టు తెరిచే ఉండేది గానీ మిషను చప్పుడు సరిగ్గా వినపడేది కాదు. ఒకరి జాకెట్టు చేతులు ఇంకొకరి జాకెట్టుకి కుట్టాడట. జన్మలో చెయ్యని పొరపాటు. నేను కొట్టు ముందు ఆగితే స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఆ శనివారం మధ్యాహ్నమంతా ఇద్దరం వీధిలోకి చూస్తూ కూర్చున్నాం. గౌను ఎక్కడుందని అడిగాను. “పెట్టెలో పెట్టేశానండి. మడత పెడితే చమ్కీ రాలిపోతుందండి, తెలుసు. వేలాడదీస్తే కనపడతా ఉంటదండి,” అన్నాడు.

కానీ ఊరికి శనివారం పోయినా ఆ దురద పోలేదు. వెండిరంగు గౌను ఇన్సూరెన్సు ఏజెంటు ఏదో ఇంటిపన్ను పనిమీద ఒక సోమవారం మా ఆఫీసుకొచ్చాడు. మేళం మోగింది, పొగలోంచి ముగ్గురు అధికార్లు చమ్కీ శాలువల్లో, వానకి తడిసిన విగ్గుల్లో, లోకాన్ని ఉద్ధరించే మొహాలతో దిగారు. ఏజెంటు నవ్వాపుకోలేక గోడకి జారగిలబడిపోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది: కొత్త సినిమా వచ్చింది, టికెట్టు లేదు.

మరుసటి సోమవారం హాలు కిక్కిరిసింది. చమ్కీలు, మల్లెపూలు, పిల్లా జెల్లా. కమిషనరు గారు గొంతు సవరించుకుంటే ఊరంతా గొంతు సవరించుకుంది. హైమవతి గారు అది అంటువ్యాధి అనుకుని మూతికి కట్టుకునే గుడ్డలు పంచారు. వాటిమీద కూడా చమ్కీ అంటించుకున్నారు జనం. ముగ్గురూ మెడలు ఎడమకి తిప్పితే హాలంతా ఎడమకి తిప్పింది. ఈలలతో పెంకులు ఇంకో రెండు జారాయి.

వాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో కమిషనరు గారికి తట్టలేదు. తట్టేదే అయితే అంత బావుండేది కాదు. లోపలికి వచ్చి, శాలువతోనే కళ్ళు తుడుచుకుని, “సోమయాజులూ, ప్రజలు మనల్ని ప్రేమించడం మొదలుపెట్టారయ్యా,” అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. నాకు ఆయనమీద కోపమంతా ఒక్క క్షణం ఎటో పోయింది.

ఈ ప్రజాస్పందన జిల్లా అంతా పాకింది. పొరుగు మున్సిపాలిటీల కమిషనర్లు ఒక సోమవారం అధ్యయనానికి వస్తామని కబురు చేశారు. దానికి ముందు సోమవారం జనం ‘వన్స్ మోర్’ అన్నారు. ప్రజాభీష్టం కాదనరాదని కమిషనరు గారు నిచ్చెనెక్కి మళ్ళీ దిగారు. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ నిచ్చెన. చివరికి శాలువ కాలికి చుట్టుకుని నడిమెట్టు నుంచి ఆఖరి మెట్టుకి ఒకేసారి అవరోహించారు. చీలమండ విరిగింది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని మల్లెపూలు చల్లారు.

సున్నపుకట్టు కాలితో మంచం మీద పడుకుని కమిషనరు గారు నాకు కబురంపారు. అధ్యయన బృందం వచ్చేస్తోంది, మధ్యస్థానం ఖాళీ. దండపాణి మధ్యకి వస్తానన్నాడు గానీ, పక్కస్థానం నుంచి మధ్యస్థానానికి రావడం పదోన్నతి అవుతుంది, దానికి పైనుంచి అనుమతి కావాలి. కాబట్టి బయటివాణ్ణి ఇన్‌చార్జిగా వేసుకోవాలి. ఇన్‌చార్జి అంటే ఎవరైనా ఫరవాలేదని మా శాఖలో అనాదిగా ఉన్న నమ్మకం.

“ఈ ఊళ్ళో మన ముందు దిగి చూపినవాడు ఒక్కడేనండి, జిలానీ,” అన్నాను.

“అతడు అనుత్తీర్ణుడు కదా.”

నేను అప్పటికే నోట్ రాసి తెచ్చాను. ‘నిబంధనలలో నడుము కదలికకు కనిష్ఠ పరిమితి మాత్రమే నిర్ణయించబడినది. గరిష్ఠ పరిమితి లేదు. అధికము లోపము కాజాలదు. కావున సదరు అభ్యర్థిని ఉత్తీర్ణునిగా భావించవచ్చును.’ కమిషనరు గారు రెండుసార్లు చదివి, “భేష్, నిబంధనల లోతు చూశావు,” అని సంతకం చేశారు. పాపం, సవరణ సంగతి ఆయనకి గుర్తు రాలేదు. నేను గుర్తు చెయ్యలేదు.

సోమవారం వచ్చింది. అధ్యయన బృందం ముందువరుసలో, వెనక ఊరంతా. మేళం మోగింది. ఈలలు సిద్ధంగా ఉన్నాయి. జిలానీ పైన పెంకుల సందు దగ్గర కనిపించాడు.

ఆయన రావడం మొదలెట్టాడు. పక్కనున్న ఇద్దరూ మెట్లు లెక్కపెట్టుకుంటున్నారు, ఆయన మెట్లవైపే చూడలేదు. జనం ఈల వెయ్యబోయి ఆగారు. ఆఖరి మెట్టు వచ్చింది. దండపాణి, హైమవతి గారూ ఆగి శూన్యంలోకి చూశారు. జిలానీ ఆగలేదు. ఆఖరి మెట్టు దిగి నేలమీదికి వచ్చేశాడు.

ఆ పథకం పుట్టాక మా ఆఫీసులో ఒక అధికారి కాలు ప్రజల ముందు నేలకి తగలడం అదే మొదలు. గౌను కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నేరుగా ముత్యాలమ్మ దగ్గరికి వెళ్ళి, కొట్టుకొచ్చినవాళ్ళని అడిగినట్టే అడిగాడు.

“ఏం కావాలమ్మా?”

ముత్యాలమ్మ ఆయన్నీ, చుట్టుపక్కలవాళ్ళనీ చూసింది. సీసా ఎత్తబోయి మళ్ళీ దించింది.

“ఉండు బాబూ,” అంది. “అడిగేవోళ్ళు అలవాటు లేదు. ఒక్క చణం ఆగు.”

ఆయన ఆగాడు. ఊరంతా ఆగింది. అప్పుడావిడ పైటకొంగుతో మొహం తుడుచుకుని, “కుళాయిలో పురుగులొత్తన్నాయయ్యా. మడిసి తాగే నీళ్ళు కావాల,” అంది.

“అర్జెంటా, మామూలా?”

“అర్జెంటే బాబూ.”

జిలానీ చెవి సందు నుంచి పెన్సిలు తీసి, ఒక కాగితం మీద ఆవిడ పేరు, వీధి రాసి, కింద ‘గురువారం’ అని రాసి సంతకం పెట్టాడు. కుట్టి ఇచ్చే రోజు గుడ్డముక్క మీద రాసే టైలరు అలవాటది. ఆ కాగితం చూసి మా ఇంజనీరు మొహం పాలిపోయింది. మా ఆఫీసు కాగితాల మీద జరిగిపోయిన తేదీలే గానీ రాబోయే రోజు ఆయనెప్పుడూ చూడలేదు. ‘పరిశీలనలో ఉన్నది’ అంటే ఏం చెయ్యాలో తెలుసు, గురువారం అంటే ఏం చెయ్యాలి? చేసెయ్యడం తప్ప దారి కనపడక ఫ్యానుని తిరిగి పంపుహౌసుకి మోయించాడు.

వరసంతా అలాగే జరిగింది. ఏం కావాలమ్మా, అర్జెంటా మామూలా. కొందరు మామూలే అన్నారు, తొందర లేదన్నారు. అడిగినందుకే సంతోషించి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆఖర్న వరూధిని గారు వచ్చి, తెలియనివాళ్ళలాగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“ఏం కావాలమ్మా?”

“శనివారం ఆట కావాలయ్యా.”

జిలానీ చెయ్యి కాగితం మీదికి వెళ్ళి ఆగింది. “ఇది నా పనండీ,” అన్నాడు నా వైపు తిరిగి, చాలా మెల్లగా. “నా పనికి నేనే సంతకం పెట్టుకోవచ్చాండి?”

“ఇక్కడ ఈ హాలునిండా చమ్కీ కట్టుకుని వచ్చినవాళ్ళ పని కూడా కదయ్యా,” అన్నాను. ఆయన జనంవైపు చూశాడు. చమ్కీలు, పూలు, ఇన్సూరెన్సు ఏజెంటు. సంతకం పెట్టాడు.

కమిషనరు గారు మంగళవారం ఆ కాగితాలన్నీ చూసి మంచం మీదే లేచి కూర్చున్నారు. రద్దు చేద్దామంటే సవరణ అడ్డొచ్చింది: సదరు వ్యక్తి సంతకమే చెల్లును. గురువారం మత్స్యకారుల పేట కుళాయిలో తేట నీళ్ళొచ్చాయి. శుక్రవారం కొత్త మెమో వచ్చింది. ఆఖరి మెట్టు అనుమతి లేకుండా దిగినందుకు జిలానీ సంజాయిషీ ఇవ్వాలి. ఇకమీదట అధికార్లు ముగ్గురూ ఆఖరి మెట్టు మీద నిలిచి ‘ఏం కావాలమ్మా’ అని ముక్తకంఠంతో పలికి, జవాబుకి వేచి ఉండకుండా వెనుదిరగాలి. అధ్యయన బృందం ఆ మెమో నకళ్ళు తీసుకెళ్ళింది. మీ ఊరికీ వస్తుంది, చూసుకోండి.

శనివారం పద్మలోచన తెరిచారు. సీలు తీసింది కూడా నేనే. ఆ రోజు మొదటిసారి నేనొక చమ్కీ కండువా వేసుకున్నాను. నాకది ఏమీ నప్పలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

మోహిని తెరమీద పైమెట్టు మీద కనిపించింది. బాల్కనీ మెట్ల మీద జిలానీ కనిపించాడు. హాలు పైకప్పు లేచిపోయింది. ఈలలూ, పూలూ, దగ్గులూ. ఆయన వచ్చాడు. ఇన్ని వారాలు పెట్టెలో ఉండి గౌను చమ్కీ అక్కడక్కడా రాలిపోయింది. ఆఖరి మెట్టు మీదికి వచ్చేసరికి తెరమీద సీను మారిపోయింది. మామూలుగా అయితే ఆయన తలొంచి పక్కకి తప్పుకుంటాడు, జనం తెరవైపు తిరుగుతారు.

ఆ వేళ ముందు బెంచీలో ముత్యాలమ్మ కూర్చుని ఉంది. ఆ హాలుకి కొత్త మనిషి. ఎప్పుడు దగ్గాలో, ఎప్పుడు ఈల వెయ్యాలో తెలీదు. ఎదురుగా మెట్టు మీద ఒక మనిషి నిలబడి ఉంటే ఆవిడకి తెలిసిన మర్యాద ఒక్కటే. లేచి దగ్గరికి వెళ్ళి అడిగింది.

“నీకేం కావాలమ్మా?”

జిలానీ ఆవిడవైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆ మనిషిని ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు, నేను కూడా. నాకు ఏడుపొచ్చింది.

“ఇదేనండి,” అన్నాడు, అందరికీ వినపడేలా. “ఇదే కావాలండి.”

ముత్యాలమ్మ తలూపింది.

“అర్జెంటా, మామూలా?”

“మామూలేనమ్మా,” అన్నాడు జిలానీ. “వారం వారం.”